క్యామ్‌కార్డర్‌లోని ఫుల్ హెచ్‌డీ వీడియోను చెక్కుచెదరకుండా కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం: సమగ్ర మార్గదర్శి

బీరువా పైఅరలోంచి పాత క్యామ్‌కార్డర్‌ను దించి, అందులోని పెళ్లినో పిల్లల అన్నప్రాశననో కంప్యూటర్‌లోకి ఎక్కించాలని కూర్చుంటాం. సంచిలో మొదట చేతికి తగిలేది పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల తీగ. దాన్ని ఒక చవక యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి (బొమ్మను పట్టి కంప్యూటర్‌లోకి పంపేదానికి) తగిలిస్తే బొమ్మ వెంటనే వస్తుంది. నష్టం జరిగేది అక్కడే. పసుపు పిన్ను మోయగలిగింది పాత టీవీ బొమ్మను మాత్రమే. అది 720×576 పిక్సెళ్లు, అంటే నాలుగు లక్షల పైచిలుకు. హెచ్‌డీ టేపు మీద ఉన్నది 1440×1080, అంటే పదిహేనున్నర లక్షలు. నాలుగింట మూడు వంతుల బొమ్మ తీగలోనే రాలిపోతుంది. ఆ తరువాత "అప్పట్లో మన కెమెరా అంత బాగుండేది కాదులే" అని నిందను కెమెరా మీద వేస్తాం.

కెమెరా తన బొమ్మను ఎప్పుడో అంకెలుగా మార్చి రాసిపెట్టుకుంది. ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా మోసుకురావడమే మనం చేయవలసిన పని. వాటిని మళ్లీ బొమ్మగా మార్చి, ఆ బొమ్మను ఇంకొక యంత్రంతో మళ్లీ రికార్డు చేసినప్పుడల్లా కొంత పోతూనే ఉంటుంది. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. కెమెరా ఇప్పుడు చూస్తున్న దృశ్యాన్ని, టేపు మీద పడకముందే, హెచ్‌డీఎంఐ ద్వారా పట్టుకోవడం. దాని సంగతి తరువాత విడిగా చెబుతాను.

ముందుగా మీ కెమెరా ఏ రకమో తేల్చుకోండి

మూత తెరిచి చూడండి. లోపల చిన్న క్యాసెట్ పెట్టే చోటు ఉండి, ఒంటి మీద 'హెచ్‌డీవీ' అనే గుర్తు ఉంటే అది టేపు మీద రాసే హెచ్‌డీ కెమెరా. 2003లో జేవీసీ, సోనీ, క్యానన్, షార్ప్ కంపెనీలు కలిసి ప్రకటించిన పద్ధతి అది. సోనీ హెచ్‌డీఆర్-హెచ్‌సీ1 (2005), క్యానన్ హెచ్‌వీ20 (2007), హెచ్‌వీ30 (2008) ఈ కోవలోవే. ఇవి మామూలు మినీడీవీ క్యాసెట్ మీదే సెకనుకు 25 మెగాబిట్ల చొప్పున ఎంపెగ్-2 పద్ధతిలో కుదించిన వీడియోను రాస్తాయి. క్యాసెట్ పైన 'మినీడీవీ' అని మాత్రమే ఉన్నా లోపల హెచ్‌డీ ఉండవచ్చు. ఏ కెమెరాతో తీశారన్నదే లెక్క.

క్యాసెట్ లేకుండా మెమొరీ కార్డు, లోపలి హార్డ్ డిస్కు లేదా లోపలి మెమొరీ ఉంటే అది బహుశా ఏవీసీహెచ్‌డీ కెమెరా. సోనీ, పానసోనిక్ 2006లో తెచ్చిన పద్ధతి ఇది. ఇందులో హెచ్.264 పద్ధతిలో కుదించిన వీడియో ఉంటుంది. మొదట్లో సెకనుకు గరిష్ఠంగా 24 మెగాబిట్లు ఉండేది. 2011లో వచ్చిన రెండో రూపంలో సెకనుకు పూర్తి 50 ఫ్రేములతో (బొమ్మలతో) 28 మెగాబిట్ల దాకా వెళ్లింది.

'ఫుల్ హెచ్‌డీ' అన్న ముద్ర గురించి ఇక్కడే ఒక మాట. హెచ్‌డీవీ టేపు మీద అడ్డంగా ఉండేవి 1440 పిక్సెళ్లే. చూపించేటప్పుడు వాటిని 1920కి సాగదీస్తారు. కెమెరా సెన్సరు 1920 పిక్సెళ్లను చూసినా టేపు మీద పడ్డాక మిగిలేది 1440. ఏ ఖరీదైన కార్డు కొన్నా టేపు మీద లేని వివరం తిరిగి రాదు. ఏవీసీహెచ్‌డీలోనూ నాణ్యత మెట్టును బట్టి మారుతుంది. క్యానన్‌లో ఎంఎక్స్‌పీ (24 మెగాబిట్లు), ఎఫ్‌ఎక్స్‌పీ (17 మెగాబిట్లు) మెట్లలో 1920×1080 రికార్డవుతుంది. వాటి కింది మెట్లలో మళ్లీ 1440కే దిగుతుంది. ఇకముందు తీయబోయే వీడియోలకు ఈ మెట్టు ఎక్కడుందో ఈరోజే మెనూలో చూసుకోండి. అదనంగా అయ్యే ఖర్చు కార్డులో కొంచెం చోటు మాత్రమే.

టేపు కెమెరా: ఓపిక కావలసిన దారి

టేపు నుంచి అంకెలను యథాతథంగా తెచ్చే దారి ఫైర్‌వైర్ అనే తీగ పద్ధతి. సోనీ దీన్ని ఐ.లింక్ అంటుంది. కొన్ని కెమెరాల మీద 'డీవీ' అనో, 'హెచ్‌డీవీ/డీవీ' అనో రాసి ఉంటుంది. కెమెరా వైపు 4 పిన్నుల చిన్న సాకెట్ ఉంటుంది. కంప్యూటర్ వైపు 4, 6 లేదా 9 పిన్నులది ఉండవచ్చు. కేబులు కొనేముందు రెండు చివరలూ చూసుకోండి.

ఈ కెమెరాల మీద యూఎస్‌బీ పోర్టు కూడా ఉంటుంది. దాన్ని చూసి మోసపోవద్దు. చాలా టేపు కెమెరాల్లో అది కార్డులోని ఫొటోలను దించుకోవడానికే పనికొస్తుంది. హెచ్‌డీ వీడియో దాని గుండా రాదు. ఇక ఒక చివర యూఎస్‌బీ, మరో చివర ఫైర్‌వైర్ ఉన్న తీగలు ఆన్‌లైన్ అంగళ్లలో తక్కువ ధరకు కనబడతాయి. వాటిని కొనకండి. ఈ రెండూ వేరువేరు భాషలు మాట్లాడే పద్ధతులు. ఉత్త తీగ వాటి మధ్య దుబాసీ పని చేయలేదు.

మరి ఫైర్‌వైర్ ఉన్న కంప్యూటర్ ఎక్కడ దొరుకుతుంది? డెస్క్‌టాప్ ఉంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు కొని బిగించుకోవచ్చు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పు ఉన్నది దొరికితే మేలు. విండోస్‌లో కెమెరాను గుర్తించకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ కార్డుకు 'లెగసీ' అని పేరున్న పాత డ్రైవరును ఎంచుకుంటే చాలాసార్లు దారికి వస్తుంది. మ్యాక్ అయితే థండర్‌బోల్ట్ 3 నుంచి 2కు, అక్కడి నుంచి ఫైర్‌వైర్ 800కు రెండు అడాప్టర్లను గొలుసుగా తగిలించాలి. అయితే 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ 26లో ఆపిల్ ఫైర్‌వైర్‌నే తీసేసింది. కాబట్టి అంతకుముందున్న సిస్టమ్ కావాలి. నా అనుభవంలో అన్నిటికంటే సులువైనది వేరే ఉంది. బంధువుల ఇంట్లో మూలన ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను అడిగి తెచ్చుకోవడం. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ పోర్టు పక్కనే ఉండేది. 2012 నాటి కొన్ని మ్యాక్‌బుక్ ప్రోల్లోనూ ఉంది. పని అయ్యాక వీడియోను కొత్త యంత్రంలోకి మార్చుకుంటే సరిపోతుంది.

టేపును కెమెరాలో పెట్టేముందు దాని ఒంటి మీద ఉన్న చిన్న మీటను 'సేవ్' వైపు జరపండి. ఇక పొరపాటున రికార్డు మీట నొక్కినా పాత దృశ్యం చెరిగిపోదు. ఈ పని మరిచి ఒక పెళ్లిలో తలంబ్రాల ఘట్టం మీద గది పైకప్పును రికార్డు చేసిన ఇల్లు నాకు తెలుసు. ఆ నలభై సెకన్లు ఇక ఎవరూ తిరిగి తేలేరు.

తేమ మరో శత్రువు. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో ఏళ్ల తరబడి ఉంచిన క్యాసెట్లను కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూడండి. టేపు చుట్ట అంచున తెల్లటి పొడి కనబడితే అది బూజు. దాన్ని మీ కెమెరాలో పెట్టకండి. ఒక్క బూజు పట్టిన టేపు, కెమెరాలో టేపును చదివే భాగమైన హెడ్‌ను పాడుచేసి, దాని తరువాత పెట్టిన మంచి టేపులకూ అంటిస్తుంది. అలాంటివాటిని టేపులు శుభ్రం చేసే పని తెలిసినవారికి అప్పగించాలి. ఏసీ గదిలోంచి కెమెరాను వరండాలోకి తెచ్చిన వెంటనే నడిపినా లోపల చెమ్మ పట్టి టేపు అంటుకుంటుంది. బయటి వేడికి అలవాటు పడేదాకా ఒక గంట ఆగండి.

బాగున్న టేపును ముందు చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి రివైండ్ చేయండి. ఏళ్లుగా ఒకే బిగువులో ఉన్న టేపు చుట్ట దీనితో సమంగా సర్దుకుంటుంది. బొమ్మలో చదరపు గళ్లు కనబడితే పొడి క్లీనింగ్ క్యాసెట్‌ను పది సెకన్ల పాటు నడపండి. అంతకంటే ఎక్కువ వద్దు. అది గరుకు కాగితం లాంటిది. హెడ్‌ను శుభ్రం చేస్తూనే అరగదీస్తుంది.

తరువాతి అడుగు మెనూలో. అందరూ దాటేసే అడుగు ఇదే. సోనీలో 'వీసీఆర్ హెచ్‌డీవీ/డీవీ' అన్నదాన్ని ఆటో లేదా హెచ్‌డీవీలో ఉంచి, 'ఐ.లింక్ కన్వ్' అన్నదాన్ని ఆఫ్ చేయాలి. క్యానన్‌లో డీవీ అవుట్‌పుట్ దగ్గర 'డీవీ లాక్డ్' కాకుండా 'హెచ్‌డీవీ/డీవీ' ఎంచుకోవాలి. ఇది తప్పుగా ఉంటే కెమెరా తనంతట తానే హెచ్‌డీని పాత డీవీగా కుదించి 720×576 పంపుతుంది. ఎక్కడా ఏ హెచ్చరికా రాదు. బొమ్మ కూడా చూడ్డానికి బాగానే ఉంటుంది. కేబులు తగిలించకముందే ఈ మార్పు చేయండి. తగిలించాక కొన్ని కెమెరాలు ఆ మెనూనే చూపవు.

ఇప్పుడు తగిలించడం. కెమెరానూ కంప్యూటర్‌నూ రెండిటినీ ఆపి, కేబులును రెండు వైపులా బిగించి, అప్పుడు ఆన్ చేయండి. 6 పిన్నుల ఫైర్‌వైర్‌లో కరెంటు కూడా ప్రవహిస్తుంది. ఆన్‌లో ఉండగా వంకరగా గుచ్చితే కెమెరాలోని పోర్టు క్షణంలో కాలిపోతుంది. నేను ఒక బంధువు కెమెరాను అలాగే పాడుచేశాను. పొగ రాలేదు, శబ్దం రాలేదు. ఆ పోర్టు ఆ తరువాత ఏ కంప్యూటర్‌కూ కనబడలేదు. అంతే. ఇవాళ ఆ భాగం కొత్తది దొరకడం కష్టం.

ఇక రికార్డు చేసుకోవడం ఇలా:

1. కెమెరాను బ్యాటరీతో కాకుండా అడాప్టర్‌తో నడపండి. గంట సేపు ఆగకుండా నడవాలి.
2. కెమెరాను ప్లే లేదా వీసీఆర్ స్థితిలో పెట్టండి.
3. విండోస్‌లో హెచ్‌డీవీస్ప్లిట్ అనే ఉచిత ప్రోగ్రాం, లినక్స్‌లో డీవీగ్రాబ్ ఈ పనికి నమ్మదగినవి. డీవీ టేపులకు వాడే విన్‌డీవీ మాత్రం హెచ్‌డీవీకి పనికిరాదు.
4. ఫైలును రాసే డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దగ్గర ఆగిపోతుంది. ఒక గంట టేపుకు సుమారు 12 జీబీ కావాలి.
5. దృశ్యం మారినప్పుడల్లా కొత్త ఫైలు మొదలయ్యే ఐచ్ఛికాన్ని ఎంచుకుంటే, తీసిన తేదీ, సమయం ఫైలు పేరులోనే వచ్చి చేరతాయి. పదిహేనేళ్ల తరువాత 'ఇది ఏ ఏడాది సంక్రాంతి?' అన్న ప్రశ్నకు జవాబు అదే ఇస్తుంది.
6. కంప్యూటర్ నిద్రపోకుండా చేసి, అది రాస్తున్నంతసేపూ వేరే పని పెట్టకుండా వదిలేయండి.

గంట టేపుకు గంట పడుతుంది. దీన్ని తొందర చేసే మార్గం లేదు. చివరికి మీకు ఎం2టీ అనే రకం ఫైళ్లు దొరుకుతాయి. టేపు మీద ఉన్న అంకెలే అవి. ఒక్కటీ మారలేదు.

మధ్యలో అర సెకను పాటు బొమ్మ గడ్డకట్టి, గళ్లు గళ్లుగా విరిగితే దానికి కారణం ఉంది. హెచ్‌డీవీ ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయదు. సెకనుకు 50 ఫీల్డుల (అరబొమ్మల) పద్ధతిలో 12 ఫ్రేములకు ఒకటి మాత్రమే పూర్తి బొమ్మ. మిగిలిన పదకొండూ దానితో తేడాలే. టేపు మీద చిన్న మరక ఆ మూల ఫ్రేము మీద పడితే దాన్ని నమ్ముకున్నవన్నీ పోతాయి. అప్పుడు టేపును రెండోసారి రికార్డు చేయండి. దుమ్ము వల్ల వచ్చిన లోపమైతే రెండోసారి వేరే చోట పడుతుంది, లేదా అసలు ఉండదు. రెండింటిలో బాగున్న ముక్కలను కలిపి ఒకటి చేసుకోవచ్చు. రెండుసార్లూ ఒకే చోట విరిగితే టేపే దెబ్బతిన్నట్టు. అయినా వదలకండి. ఆ టేపును తీసిన అసలు కెమెరా ఇంకా బతికి ఉంటే దానిలో పెట్టి చూడండి. ఒక్కో కెమెరా హెడ్ ఒక్కో సూక్ష్మమైన వాలులో రాస్తుంది. రాసిన చెయ్యే బాగా చదువుతుంది.

కార్డు, హార్డ్ డిస్కు కెమెరా: తొందరలో జరిగే తప్పులు

ఇక్కడ 'క్యాప్చర్' అనే పనే లేదు. నకలు చేసుకోవడమే. అందుకే జాగ్రత్త తగ్గుతుంది. కార్డును తెరిస్తే 'ప్రైవేట్', దానిలో 'ఏవీసీహెచ్‌డీ', దానిలో 'బీడీఎంవీ', చివరగా 'స్ట్రీమ్' అనే ఫోల్డరు కనబడతాయి. వీడియోలు ఆ స్ట్రీమ్‌లో ఎంటీఎస్ ఫైళ్లుగా ఉంటాయి. వాటిని మాత్రమే లాగేసుకుని కార్డును చెరిపేయాలనిపిస్తుంది. అలా చేయకండి. పక్క ఫోల్డర్లలోని చిన్న చిన్న ఫైళ్లు ఏ ముక్క తరువాత ఏది రావాలో, ఏ తేదీన తీశారో చెబుతాయి. మొత్తం 'ప్రైవేట్' ఫోల్డరునే తేదీ పేరుతో ఒక కొత్త ఫోల్డరులోకి నకలు చేయండి. మ్యాక్‌లో ఏవీసీహెచ్‌డీ ఒకే మూటలా కనబడుతుంది. దానిమీద కుడి మీట నొక్కి లోపలి వస్తువులను చూపమంటే విప్పుకుంటుంది.

గంట సేపు ఆపకుండా తీసిన కచేరీ కార్డులో ఒకే ఫైలుగా ఉండదు. చాలా కెమెరాలు 2 జీబీ దగ్గర, కొన్ని 4 జీబీ దగ్గర తెంపి కొత్త ఫైలు మొదలుపెడతాయి. ఎడిటింగ్‌లో ఆ ముక్కలను విడివిడిగా పక్కపక్కన పెడితే అతుకు దగ్గర పాటలో చిన్న తెగుదల వినబడుతుంది. తాళం తప్పినట్టు ఉంటుంది, సంగీతం తెలిసినవారు వెంటనే పట్టుకుంటారు. కెమెరాతో వచ్చిన ప్రోగ్రాంతోనో, మొత్తం ఫోల్డరును అర్థం చేసుకునే ఎడిటింగ్ ప్రోగ్రాంతోనో దించుకుంటే ముక్కలు అతుకు తెలియకుండా కలుస్తాయి.

లోపలి మెమొరీ ఉన్న కెమెరాను యూఎస్‌బీతో కలిపేటప్పుడు అడాప్టర్ పెట్టండి. కొన్ని కెమెరాలు బ్యాటరీ మీద ఉంటే కంప్యూటర్‌తో మాట్లాడవు. నకలు పూర్తయ్యాక మొత్తం పరిమాణం రెండు చోట్లా సమానంగా ఉందో లేదో చూసి, నాలుగైదు ఫైళ్లను వీఎల్‌సీలో చివరిదాకా నడిపి, ఆ తరువాతే కార్డును ఖాళీ చేయండి.

హెచ్‌డీఎంఐ: టేపును దాటి సెన్సరు దాకా

మొదట చెప్పిన మినహాయింపు ఇది. కెమెరాను రికార్డు స్థితిలో పెట్టి హెచ్‌డీఎంఐ తీగ తగిలిస్తే, చాలా మోడళ్లలో బయటికి వచ్చేది సెన్సరు చూస్తున్న బొమ్మ. ఇంకా ఎంపెగ్-2గా కుదించనిది, 1920 పిక్సెళ్లదీ. అంతకంటే ముఖ్యంగా రంగు వివరం ఎక్కువ. టేపు మీద నాలుగు పిక్సెళ్ల చదరానికి ఒకే రంగు నమూనా రాస్తారు. హెచ్‌డీఎంఐలో రెండు పిక్సెళ్లకు ఒకటి వస్తుంది. తేడా ఎక్కడ కనబడుతుందని అడిగితే కుంకుమ రంగు పట్టుచీర అంచు చూడమంటాను. టేపు మీద ఆ ఎరుపు మెట్లు మెట్లుగా, జరీలోకి కారినట్టుగా ఉంటుంది. హెచ్‌డీఎంఐలో అంచు నిలబడుతుంది. పచ్చ తెర ముందు తీసి వెనుక వేరే దృశ్యం పెట్టేవారికి జుట్టు అంచుల దగ్గర ఈ తేడా ఇంకా స్పష్టం. క్యానన్ హెచ్‌వీ20 వంటి ఇంటి కెమెరాను ఆ రోజుల్లో లఘుచిత్రాలు తీసేవాళ్లు బ్లాక్‌మ్యాజిక్ ఇంటెన్సిటీ కార్డుతో కలిపి వాడింది ఇందుకే.

ఒక భ్రమ పెట్టుకోకూడదు. ఇప్పటికే రికార్డయిన టేపును నడుపుతూ హెచ్‌డీఎంఐ ద్వారా పట్టుకుంటే పై లాభాలేవీ రావు. తేదీల సమాచారం కూడా పోతుంది. ఫైర్‌వైర్ పోర్టు కాలిపోయిన కెమెరాకు మాత్రం అదే మిగిలిన దారి.

కుదించని బొమ్మకు వెల ఉంది. 1920×1080, సెకనుకు 25 ఫ్రేములు, పిక్సెల్‌కు 2 బైట్లు అంటే సెకనుకు దాదాపు 104 మెగాబైట్లు. గంటకు 370 జీబీకి పైనే. అంత అవసరం లేదు. ప్రోరెస్ 422 వంటి ఎడిటింగ్ కోడెక్‌లో (వీడియోను కుదించే పద్ధతిలో) సెకనుకు సుమారు 122 మెగాబిట్లతో, గంటకు 55 జీబీ దగ్గర, కంటికి తేడా తెలియని నాణ్యత వస్తుంది.

కెమెరా వైపు సిద్ధం చేసుకోవలసినవి చూద్దాం. తెర మీద కనబడే బ్యాటరీ గుర్తు, టైము అంకెలు హెచ్‌డీఎంఐలోకి రాకుండా మెనూలో ఆపండి. ఇవి ఆగని కెమెరా అయితే ఆ కెమెరా ఈ పనికి పనికిరాదు. డెమో స్థితిని ఆపండి. టేపు లోపల ఉంటే హెడ్‌ను కాపాడుకోవడానికి కొన్ని కెమెరాలు కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి, కాబట్టి టేపును బయటికి తీసేయండి. సోనీలో ఎక్స్.వి.కలర్ అనే రంగు అమరిక ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి, లేదంటే రంగులు తేడాగా వస్తాయి. చాలా క్యామ్‌కార్డర్లలో సాకెట్ మినీ లేదా మైక్రో రకం. అది బలహీనం. తీగను ట్రైపాడ్ కాలికి ఒక చుట్టు చుట్టి కట్టండి. ఎవరి కాలికైనా తగిలితే లాగుడు ట్రైపాడ్ మీద పడుతుంది, సాకెట్ మీద కాదు.

క్యాప్చర్ పరికరం ఎంపికలో యూఎస్‌బీ 2.0, 3.0 మధ్య తేడా పెద్దది. యూఎస్‌బీ 2.0లో కుదించని 1080 బొమ్మ పట్టదు. కాబట్టి పరికరం దాన్ని ఎంజేపెగ్‌గా కుదించి పంపుతుంది. ప్రత్యక్ష ప్రసారానికి అది చాలు, దాచుకోవడానికి చాలదు. 3.0 రకంలో రంగు వివరం చెక్కుచెదరకుండా వస్తుంది. కెమెరా 1080ఐ (ఫీల్డులుగా) పంపినప్పుడు చవక పరికరాలు ఒక ఫీల్డును పారేసి, మిగిలిన గీతలనే రెట్టించి పంపడమూ ఉంది. కెమెరా మెనూలో 1080పీ (పూర్తి ఫ్రేముల) అవుట్‌పుట్ ఉంటే అదే ఎంచుకోండి.

రికార్డుకు ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత ప్రోగ్రాం సరిపోతుంది. అందులో కాన్వాస్, అవుట్‌పుట్ రెండింటినీ 1920×1080గా పెట్టండి. తానుగా 1280×720కి కుదించే అమరిక ఉంటే మార్చండి. ఫ్రేము రేటు కెమెరాదే ఉండాలి. 50ఐ కెమెరాకు 50 పెట్టి, డీఇంటర్‌లేస్‌లో (ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చే అమరికలో) యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకోండి. రంగు పద్ధతి 709, శబ్దం 48 కిలోహెర్ట్జ్. ఫైలును ఎంకేవీగా రాయించండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రాసింది దక్కుతుంది. ఎంపీ4 అయితే మొత్తం పోవచ్చు. పని అయ్యాక ఓబీఎస్‌లోనే ఎంపీ4గా మార్చుకోవచ్చు, నాణ్యత తగ్గదు.

కార్యక్రమం రోజున కాకుండా ముందు రోజే పరీక్షించండి. ఫోనులో స్టాప్‌వాచ్ నడుపుతూ దాని ముందు చెయ్యి వేగంగా ఊపండి. రెండు నిమిషాలు రికార్డు చేసి ఒక్కో ఫ్రేమునూ జరుపుతూ చూడండి. అంకెలు సమంగా నడవాలి, ఒకే ఫ్రేము రెండుసార్లు రాకూడదు. చప్పట్లు కొట్టి శబ్దం, బొమ్మ కలుస్తున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

అమెరికా నుంచి వచ్చిన కెమెరా సంగతి

మన ఇళ్లలోని క్యామ్‌కార్డర్లలో కొన్ని అమెరికాలో కొని తెచ్చినవి. అక్కడివి సెకనుకు దాదాపు 60 ఫీల్డులు రాస్తాయి, ఇక్కడివి 50. చాలా ఇంటి కెమెరాల్లో దీన్ని మార్చే వీలు ఉండదు. రికార్డు చేసుకునేటప్పుడు మీ ఊరి లెక్కకు మార్చకండి. 60 ఉంటే 60గానే ఉంచండి. 50కి మార్చితే నడక కుదుపుగా కనబడుతుంది, ఆ కుదుపు ఇక పోదు. ఒకే కుటుంబం వీడియోలో రెండు రకాలూ కలిస్తే, దేనిలో ఎక్కువ భాగం ఉందో దానికే చివరి సినిమాను కట్టండి.

60 కెమెరాతో ఇక్కడ ట్యూబ్‌లైట్ల కింద తీస్తే వెలుతురు ఎగసిపడుతున్నట్టు వస్తుంది. మన విద్యుత్తు 50 హెర్ట్జ్, కాబట్టి దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టరును 1/100గా పెడితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఒక మినుకును పట్టుకుంటుంది, ఎగసిపడడం ఆగుతుంది. ఇక్కడ కొన్న కెమెరాను అమెరికా తీసుకెళ్లేవారు 1/60 పెట్టుకోవాలి.

దువ్వెన పళ్ల గీతలు

దించుకున్న వీడియోను కంప్యూటర్‌లో చూస్తే కదిలే చేతుల అంచున దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలు కనబడతాయి. వీడియో పాడైపోలేదు. ప్రతి ఫ్రేములోనూ రెండు వేరువేరు క్షణాలు ఉన్నాయి. బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు దాని తరువాత సెకనులో యాభయ్యో వంతుది. పాత టీవీ వాటిని వరుసగా చూపేది, కంప్యూటర్ ఒకేసారి చూపుతోంది.

అసలు ఫైలును ముట్టుకోకుండా, చూసుకోవడానికి వేరే నకలు చేయండి. హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాంలో డీఇంటర్‌లేస్‌కు బివ్‌డిఫ్, అందులో 'బాబ్' ఎంచుకుంటే ప్రతి ఫీల్డూ ఒక పూర్తి ఫ్రేముగా మారి, 25 కాకుండా 50 ఫ్రేములు వస్తాయి. నాట్యంలో జతుల వేగం దీనిలోనే దక్కుతుంది. సగానికి తగ్గించి 25 చేస్తే అడుగులు మసకబారతాయి. ఎక్కువ సమయం వెచ్చించగలిగినవారికి క్యూటీజీఎంసీ అనే డీఇంటర్‌లేస్ పద్ధతి ఇంకా మంచి ఫలితం ఇస్తుంది, కానీ దాని అమరిక నేర్చుకోవాలి. ఫీల్డుల క్రమం అడిగితే హెచ్‌డీవీకీ ఏవీసీహెచ్‌డీకీ పై ఫీల్డు ముందు, పాత డీవీకి కింది ఫీల్డు ముందు. తిరగబడితే కదలిక ముందుకూ వెనక్కూ వణుకుతుంది. హెచ్‌డీవీ నకలులో వెడల్పును 1920కి సాగదీయడం మరవకండి. లేకపోతే మనుషులంతా సన్నగా, పొడుగ్గా కనబడతారు.

చివరగా దాచడం

టేపు నుంచి వచ్చిన ఎం2టీ, కార్డు నుంచి వచ్చిన మొత్తం ఫోల్డరు, ఇవే మీ అసళ్లు. వీటిని మీడియాఇన్ఫో అనే చిన్న ప్రోగ్రాంలో తెరిచి వెడల్పు 1440 లేదా 1920 అని, ఎత్తు 1080 అని చూపుతోందో లేదో ఒకసారి చూడండి. 720 అని కనబడితే ఐ.లింక్ అమరిక దగ్గరికి మళ్లీ వెళ్లాలి. తరువాత రెండు వేరువేరు హార్డ్ డిస్కుల మీద రాసి, ఒకటి వేరే ఇంట్లో, అన్నయ్య దగ్గరో అమ్మాయి దగ్గరో ఉంచండి. డిస్కులను ఏడాదికి ఒకసారి తగిలించి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి.

ఒక క్యాసెట్ పూర్తయిందంటే దాని మీద పెన్సిలుతో నకలు తీసిన తేదీ రాయండి. పారేయవద్దు, మళ్లీ రికార్డు చేయవద్దు. నిలువుగా నిలబెట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టి, తరువాతి క్యాసెట్‌ను చేతిలోకి తీసుకోండి.